మధ్యవర్తి ధర్మం: ఉత్తరాంధ్ర రైతు రుణంపై ఒక నైతిక పరిశీలన

తెలుగులో 'మధ్యవర్తి' అనే మాట ఇద్దరు వేర్వేరు మనుషులను సూచిస్తుంది. తగవులో ఇరుపక్షాల మాటా విని తీర్పు చెప్పేవాడు మధ్యవర్తి. పంట పండించినవాడికీ, దాన్ని కొని తినేవాడికీ నడుమ నిలిచి తన వాటా తీసుకునేవాడూ మధ్యవర్తే. మొదటివాడికి గౌరవం దక్కుతుంది, రెండోవాడికి నింద దక్కుతుంది. నింద స్పష్టంగా వినబడాలనుకున్నప్పుడు లోకం రెండోవాడిని 'దళారి' అంటుంది. అయితే ఇద్దరూ నిలబడే చోటు ఒకటే. ఇద్దరి అధికారమూ తాము ఏ పక్షానికీ చెందమన్న భావన మీదే ఆధారపడి ఉంటుంది. తీర్పరి న్యాయం తన సొంతం కాదంటాడు, దళారి ధర తన సొంతం కాదంటాడు. ఒకరు ధర్మం పేరు చెబితే మరొకరు బజారు పేరు చెబుతారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల రైతు రుణాన్ని నైతిక సమస్యగా పరిశీలించడానికి ఈ మాటలోని ద్వంద్వార్థం ఉపయోగపడుతుంది. అప్పు తీర్చడం ధర్మమా అన్న ప్రశ్నకు జవాబు, ఆ అప్పును కొలిచే అధికారం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా దొరకదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథ 1966లో వెలువడింది. దాన్ని చేర్చుకున్న 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. సుందరపాలెం అనే ఊళ్లో దళిత రైతు అప్పల్రాముడు, షావుకారు గోపన్నకు బాకీ పడ్డాడు. ఏళ్ల తరబడి తీరని ఆ బాకీ తగవుగా మారి శ్రీరాములునాయుడి ముందుకు వస్తుంది. ఆయన ఊరి పెద్ద. ఊరికి బాగు జరగాలని కోరి, అందుకు పాటుపడిన మనిషి. కథలో ఆయనను దుర్మార్గుడిగా చిత్రించే ప్రయత్నం ఎక్కడా కనిపించదు. గోపన్న కూడా పీల్చి పిప్పి చేసే వడ్డీ వ్యాపారి మూసలో ఇమడడు. కాలం కలిసిరాక చితికిపోయిన షావుకారు ఆయన, తన డబ్బు తనకు రావాలంటున్నాడు. అప్పు తీసుకోలేదని అప్పల్రాముడు అనడు. కథ నైతికంగా ఇంత బరువెక్కడానికి కారణం ఇదే. అబద్ధమాడే పక్షం ఒకటుంటే తీర్పు సులువు. ఇక్కడ ముగ్గురూ తమకు తెలిసిన నిజమే చెబుతున్నారు. అయినా ఆ తీర్పు ఫలితంగా సీతారాముడు తన పసికందును తానే చంపి సభ ముందుకు తెస్తాడు.

ఆ ముగింపు సమర్థనీయమా కాదా అన్న విషయంపై తెలుగు విమర్శలో దశాబ్దాలుగా చర్చ నడిచింది. ఆ చర్చలో ఎక్కువ భాగం సీతారాముడి చర్య వాస్తవికమా, అది పాఠకుడిని ఏ చైతన్యం వైపు నడుపుతుందన్న అంశాల చుట్టూ తిరిగింది. కథా శీర్షికకూ రుణానికీ ఉన్న సంబంధం మీద అంత దృష్టి పడినట్టు కనిపించదు. వైదిక సంప్రదాయం ప్రకారం మనిషి మూడు రుణాలతో పుడతాడు. దేవరుణం యజ్ఞంతో, ఋషిరుణం అధ్యయనంతో, పితృరుణం సంతానంతో తీరుతాయి. అంటే రుణం మనిషి చేసే పని కాదు, మనిషి పుట్టుకలోనే ఉన్న స్థితి. కొడుకు పుట్టడమంటే తండ్రి ఒక రుణం తీర్చుకోవడం. 'యజ్ఞం' ఈ క్రమాన్ని తలకిందులు చేస్తుంది. పితృరుణం తీర్చే సాధనమైన సంతానమే షావుకారు రుణానికి వారసత్వ వాహిక అవుతుందని సీతారాముడు గ్రహించాడు. దేవరుణం తీర్చే కర్మ పేరును రచయిత ఈ కథకు పెట్టడం యాదృచ్ఛికం కాదు. అప్పుతో పాటు దాస్యాన్ని కూడా అందుకోబోయే బిడ్డను లేకుండా చేయడం ద్వారా అతడు ఒక రుణపు గొలుసును తెంపుతున్నాడు, దానికి మూల్యంగా మరో రుణాన్ని శాశ్వతంగా తీర్చలేనివాడవుతున్నాడు. ఈ పనిని సమర్థించడం ఎవరి తరమూ కాదు. కానీ రుణాన్ని జన్మసిద్ధం చేసిన ఆలోచనా విధానం తన చివరి హద్దులో ఎక్కడికి చేరుతుందో ఆ దృశ్యం చూపుతుంది.

ఇది పురాణ భావన మాత్రమే కాదు. తండ్రి చేసిన అప్పు అధర్మ కార్యానికి చేసింది కానంతవరకు కొడుకు, మనుమడు, మునిమనుమడు దాన్ని తీర్చాలన్న పవిత్ర బాధ్యతా సూత్రం హిందూ న్యాయంలో చాలాకాలం అమలులో ఉంది. 2005లో హిందూ వారసత్వ చట్టానికి జరిగిన సవరణ, ఆ పైన చేసిన అప్పుల విషయంలో కేవలం ఆ సూత్రం ఆధారంగా కొడుకు నుంచి వసూలు చేసే హక్కును కోర్టులు గుర్తించరాదని నిర్దేశించింది. ఆడపిల్లలకు సమాన వాటా ఇచ్చిన సవరణగానే అది ప్రసిద్ధం. కొడుకులను తండ్రుల అప్పుల నుంచి విడిపించిన సవరణ కూడా అదేనన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. 'యజ్ఞం' వచ్చిన 39 ఏళ్ల తరువాత, సీతారాముడి బిడ్డ మెడకు చుట్టుకున్న ఉరిని చట్టం కాగితం మీద వదులు చేసింది. ఊళ్లలో మాట పోతుందన్న భయం మాత్రం చట్టసవరణతో పోయేది కాదు.

ప్రాచీన ధర్మశాస్త్రం అప్పులవాడి పక్షాన ఒక హద్దును కూడా గీసింది. ఒక్కసారిగా వసూలు చేసే వడ్డీ అసలుకు రెట్టింపును దాటకూడదన్న ద్వైగుణ్య నియమం మనుస్మృతిలో ఉంది. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1938లో తెచ్చిన వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం ఇదే ఊహను ఆధునిక భాషలో చెప్పింది. అసలుకు రెట్టింపు సొమ్ము అసలు రూపంలోనో వడ్డీ రూపంలోనో ముట్టిన పాత బాకీ తీరిపోయినట్టేనంది. నేటి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు అప్పుడు విశాఖపట్టణం జిల్లాలో ఉండేవి. అంతకు ముందు ఏడాదే ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు రైతు రక్షణ యాత్ర బయలుదేరింది. 1940లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. కనుక ఈ సీమ రైతుకు రుణ విమోచన పైనుంచి దిగివచ్చిన దయ కాదు, తాను అడిగి తెచ్చుకున్నది.

అదే మనుస్మృతి నియమంలో ఒక మినహాయింపు ఉంది. ధాన్యం వంటి వస్తువుల విషయంలో హద్దు రెట్టింపు కాదు, అయిదు రెట్లు. డబ్బుకు రెండంతలు, గింజకు అయిదంతలు. ఈ వ్యత్యాసానికి వ్యాఖ్యాతలు ఏ కారణాలు చెప్పినా, దాని వెనుక ఒక అనుభవం ఉంది. ధాన్యం విలువ ఋతువును బట్టి మారుతుంది. విత్తే నాటి గింజ, కోసే నాటి గింజ ఒకటి కావు. తెలుగు నాట నాగు అనీ నాము అనీ పిలిచే ధాన్యపు అప్పు ఈ తేడా మీదే బతికింది. గింజలు లేని రోజుల్లో ఇచ్చి, కళ్లంలో రాశి ఉన్న రోజున వడ్డీ గింజలతో కలిపి కొలుచుకోవడం దాని పద్ధతి. ఇచ్చే కుంచం ఒకటి, పుచ్చుకునే కుంచం మరొకటి అన్న ఫిర్యాదు కూడా దానంత పాతదే.

డబ్బు అప్పు వచ్చాక ఈ తేడా మాయమైందని అనుకోవడం పొరపాటు. అది వడ్డీ నుంచి ధరలోకి మారింది. ఒక ఊహాత్మక లెక్క తీసుకుంటే విషయం తేటపడుతుంది. జూన్‌లో బస్తా ధాన్యం 1,500 రూపాయలు పలికేటప్పుడు ఒక రైతు పెట్టుబడికి 15,000 అప్పు చేశాడనుకుందాం. ఆనాటి ధరకు అది పది బస్తాలు. నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున, జనం ధర్మవడ్డీ అని పిలిచే వడ్డీకే తీసుకున్నాడు. డిసెంబరుకు బాకీ 16,800 అయింది. ధర మారకపోతే అతడు 11.2 బస్తాలు ఇచ్చి బయటపడాలి. కానీ అందరి కళ్లాలూ ఒక్కసారే నిండడంతో బస్తా 1,200కు దిగింది. ఇప్పుడు అతడు ఇవ్వవలసింది 14 బస్తాలు. పది బస్తాలకు అదనంగా పోయిన నాలుగింటిలో వడ్డీ పేరుతో పోయింది 1.2 మాత్రమే. మిగిలిన 2.8 బస్తాలు ధర పేరుతో పోయాయి. శాస్త్రాలు, రుణ విమోచన చట్టాలు, అధిక వడ్డీని తిట్టే నీతి వాక్యాలు అన్నీ ఆ 1.2 బస్తాల చుట్టూ కాపలా కాశాయి. 2.8 బస్తాలు వెళ్లిన దారిన ఎవరూ లేరు. దీనికి తోడు తూకంలో తేమ పేరుతో, తాలు పేరుతో బస్తాకు ఇంతని తీసే తరుగు ఉండనే ఉంది.

ధర పడిపోవడం ఎవరి తప్పూ కాదని వాదించవచ్చు. అప్పిచ్చినవాడు ఒకడు, పంట కొనేవాడు వేరొకడు అయితే ఆ వాదన నిలుస్తుంది కూడా. బ్యాంకు అప్పిచ్చి, ధాన్యం ఇంకెవరో కొంటే, ధర తగ్గడం రైతు దురదృష్టం అవుతుందే కాని బ్యాంకు అన్యాయం కాదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో తరచు కనిపించే ఏర్పాటు అలాంటిది కాదు. విత్తనానికి, ఎరువుకు సొమ్ము సర్దినవాడికే పంట వెయ్యాలి. ఇది రాతపూర్వకమైన షరతు కాదు, వచ్చే ఏడాది మళ్లీ అప్పు పుట్టాలంటే తప్పని మర్యాద. రైతు బాకీ పడేది రూపాయల్లో, తీర్చేది బస్తాల్లో. బస్తాలను రూపాయలుగా మార్చే మాట మాత్రం అప్పిచ్చినవాడి నోటి నుంచే వస్తుంది. ఎంత బాకీ తీరిందో నిర్ణయించేవాడు బాకీదారుడూ కాదు, మూడో మనిషీ కాదు, రుణదాతే.

వాగ్దానాన్ని నిలబెట్టుకోవడం ధర్మమన్న సూత్రాన్ని ఇక్కడ వర్తింపజేయాలంటే ముందు అక్కడ వాగ్దానం ఉందా అని చూడాలి. మాట ఇవ్వడమంటే ఇచ్చేవాడికి తాను ఏమిస్తున్నాడో తెలియాలి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 29వ సెక్షను, అర్థం నిశ్చయం కాని, నిశ్చయించడానికి వీలు కాని ఒప్పందం చెల్లదంటుంది. బజారు ధరకు చెల్లిస్తానన్న మాట నిశ్చయించదగినదేనని కోర్టు అనవచ్చు, బజారులో కొనేవాళ్లు పదిమంది ఉంటే అది సబబే. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు, అతడే అప్పిచ్చినవాడు అయినప్పుడు, 'బజారు ధర' అన్నది అతడి ఇష్టానికి మారుపేరు. అదే చట్టం 16వ సెక్షను మరింత దగ్గరగా వస్తుంది. ఒకరి ఇచ్ఛను శాసించగల స్థితిలో ఉన్న మరొకరు ఆ స్థితిని వాడుకుని అనుచిత లాభం పొందితే, ఆ సమ్మతి స్వేచ్ఛాసమ్మతి కాదన్నది దాని సారం. ఈ దృష్టితో చూస్తే రైతు అప్పును పూర్తిగా కొట్టివేయవలసిన పని లేదు. తీసుకున్న పది బస్తాలకు, న్యాయమైన వడ్డీకి అతడు బద్ధుడే. ధర రూపంలో పెరిగిన భాగానికి మాత్రం అతడి మాట ఎప్పుడూ లేదు. ఆ భాగాన్ని ఎగవేత అనడం తప్పు, ఎందుకంటే అది అతడు ఇస్తానన్నది కాదు.

అప్పల్రాముడి తగవులో సభ అడిగింది తీసుకున్నావా, తీర్చాలా వద్దా అన్న రెండు ప్రశ్నలు. అప్పల్రాముడు ఆ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పి ఊరుకోడు. ఊరు ఎలా మారిందో, ఆ మార్పులో తనలాంటివాళ్లు ఎలా చితికారో చెబుతాడు. విచారణ మధ్యలో ఆ చరిత్ర అసందర్భంగా తోచవచ్చు. నిజానికి సభ వేయని మూడో ప్రశ్నకు అతడు జవాబు చెబుతున్నాడు: అప్పును కొలిచే కొలత అన్నేళ్లూ ఎవరి చేతిలో ఉందన్నది ఆ ప్రశ్న. శ్రీరాములునాయుడి లోపం పక్షపాతం కాదు. తన ముందున్న ఇద్దరి మధ్య మాత్రమే ఆయన నిష్పక్షపాతంగా ఉన్నాడు. తగవును ఇద్దరు మనుషుల తగవుగా కుదించి చూడటంలోనే తీర్పు సగం జరిగిపోయింది. తీర్పరి అనే మధ్యవర్తి, వ్యాపారి అనే మధ్యవర్తి చేసిన లెక్కను యథాతథంగా స్వీకరించాడు.

ఈ ప్రాంత సాహిత్యానికి నడుమ మనిషి కొత్త కాదు. విజయనగరంలో పుట్టిన 'కన్యాశుల్కం'లో రామప్పపంతులు బతికేదే నడుమ నిలిచి. పెళ్లి సంబంధమైనా, కోర్టు వ్యవహారమైనా ఆయన చేయి పడనిదే కదలదు. గురజాడ ఆయనను నవ్వుల పాలు చేశాడు. కాళీపట్నం రామారావు ఆ సౌకర్యాన్ని పాఠకుడికి ఇవ్వలేదు. రామప్పపంతులు వంటి టక్కరి మీద కోపం తెచ్చుకోవడం తేలిక, గోపన్న మీద తెచ్చుకోవడం కష్టం.

దళారిని సమర్థించే వాదాన్ని అందుకే తేలికగా తీసిపారేయకూడదు. అర్ధరాత్రి ఆసుపత్రికి పోవలసి వస్తే తలుపు తీసేది అతడే. కాగితం అడగడు, జామీను అడగడు. ఊళ్లలో జీడి పిక్కలు సేకరించి పలాస చేర్చే చిన్న వ్యాపారి తానే మరో పెద్ద వ్యాపారి దగ్గర బాకీపడి ఉండవచ్చు. ఉద్దానంలో ఎనభై కిలోల పిక్కల బస్తాకు 16,000 రూపాయలు ఇవ్వాలని రైతులు కొన్నేళ్లుగా ఉద్యమిస్తుంటే, విదేశీ పిక్కలతో పోటీ పడాలంటున్న వ్యాపారి మాటలోనూ కొంత నిజం ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి జీడి, కొబ్బరి తోటలను కూల్చినప్పుడు, ఆ తోటల మీద అప్పిచ్చినవాళ్లు కూడా నష్టపోయారు. అయితే ఇద్దరి నష్టాలకూ ఒక భేదం ఉంది. చెట్టు కూలినా దాని మీది బాకీ నిలిచే ఉంటుంది. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, వడ్డీకి అంత ఓపిక లేదు. ప్రకృతి కష్టాన్ని పంచుకోవలసిన ఇద్దరిలో ఒకరికే ఆ కష్టాన్ని రాసిపెట్టే ఏర్పాటు, సేవకు ప్రతిఫలం అనిపించుకోదు.

మన్యంలో ఈ సంబంధం మరింత నగ్నంగా కనిపించింది. సంతలో ఉప్పు, బట్ట అప్పుగా ఇచ్చి, చింతపండూ చీపుళ్లూ బాకీ కింద జమకట్టుకుని, చివరకు భూమినే రాయించుకున్న షావుకార్ల కథ శ్రీకాకుళ గిరిజన పోరాటానికి నేపథ్యం. గిరిజన సహకార సంస్థ 1956లోనే ఏర్పడింది. 1959లో భూబదలాయింపు నిబంధన, 1960లో షెడ్యూల్డు ప్రాంతాల వడ్డీ వ్యాపారుల నిబంధన వచ్చాయి. అయినా 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు భూస్వాముల పక్షం కాల్పుల్లో మరణించారు. చట్టం లేక జరిగిన దారుణం కాదది. 'యజ్ఞం' వెలువడిన మరుసటి ఏడాది, అదే జిల్లాలో జరిగిన సంఘటన కావడం వల్ల ఆ కథను జోస్యంగా చదివే ధోరణి ఒకటి ఏర్పడింది. అది కథకు చేసే న్యాయం కాదు. మన్యంలో షావుకారు బయటివాడు, అతడిని శత్రువుగా గుర్తించడం సాధ్యమైంది. సుందరపాలెంలో గోపన్న ఊరివాడు. శత్రువును గుర్తించే వీలు లేనిచోట హింస ఇంట్లోకే తిరిగిందన్నదే కథలోని భయానకం.

1966లోనే ఆంధ్రప్రదేశ్ వ్యవసాయోత్పత్తుల మార్కెట్ల చట్టం కూడా వచ్చింది. వ్యాపారికి లైసెన్సు, తూకానికి పర్యవేక్షణ, కొనుగోలుకు నిర్ణీత స్థలం దాని ఆశయాలు. 2020లో రైతు భరోసా కేంద్రాలు వచ్చి ధాన్యం కొనుగోలును ఊరి దాకా తెచ్చాయి. 2024-25లో సాధారణ రకానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. 2.8 బస్తాలు పోయే దారిన తొలిసారి ఒక కాపలా నిలిచిందన్న మాట. అయితే ఆ ధర దక్కాలంటే తేమ 17 శాతం దాటకూడదు. నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండం పడితే వంశధార, నాగావళి పరీవాహక గ్రామాల్లో రోడ్ల మీద ఆరబోసిన గింజ తడిసిపోతుంది. అప్పుడు తేమ యంత్రం చూపే అంకె, మిల్లు దగ్గర బస్తాకు తీసే తరుగు, ఇవే కొత్త కుంచాలు. నడుమ మనిషిని తీసేసినా నడుమ చోటు ఖాళీగా ఉండదు. సంక్రాంతికి బాకీ కట్టవలసిన రైతు ఆ చోట ఎవరున్నా వాళ్ల మాటకు తలవంచుతాడు.

జాతీయ నమూనా సర్వే 77వ దఫా ప్రకారం 2019లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి. సగటు బాకీ 2,45,554 రూపాయలు. దేశ సగటు 74,121 రూపాయలే. ఈ అంకెలు ఉత్తరాంధ్రకు విడిగా చెప్పినవి కావు, పైగా ఎక్కువ అప్పు అంటే ఎక్కువ బ్యాంకు పరపతి అని కూడా అర్థం చేసుకోవచ్చు. 2008 నాటి కేంద్ర రుణమాఫీ సంస్థాగత రుణాలకే వర్తించింది. గోపన్న దగ్గరి బాకీ ఏ మాఫీలోకీ రాదు. ఆ బాకీ ఎక్కువగా ఉండేది కౌలు రైతుకు. భూమి పాసుపుస్తకం యజమాని పేర, బ్యాంకు అప్పు యజమాని పేర, పంట పెట్టుబడి మాత్రం కౌలుదారుది. 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం ఈ చిక్కు విప్పడానికే వచ్చాయి. రెండో చట్టం కింద 11 నెలల సాగు హక్కు పత్రం పొందాలంటే భూయజమాని అంగీకారం కావాలి. ఆ సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న శంకతో యజమాని వెనకాడతాడు. బ్యాంకుకూ రైతుకూ నడుమ నిలిచిన ఆ యజమానిని ఎవరూ దళారి అనరు. అతడు సంతకం పెట్టని ఏడాది కౌలుదారు ఖరీఫు పెట్టుబడికి మళ్లీ షావుకారు గుమ్మం ఎక్కుతాడు, పంట ఎవరికి వెయ్యాలో ఆ గుమ్మంలోనే తేలిపోతుంది.